ఉమ్మడి రికార్డులో ఆఖరి మాట కోర్టుదే కావాలి

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న తేల్చింది. పత్రికలన్నీ ప్రముఖంగా ప్రచురించిన తీర్పు అది. అయినా పోలీసు స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు కడుతూనే వచ్చారు, కింది కోర్టులు వాటిని విచారిస్తూనే వచ్చాయి. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ ఈ సంగతి బయటపెట్టింది. దాంతో తీర్పు ప్రతులను హైకోర్టుల ద్వారా జిల్లా కోర్టులకు, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శుల ద్వారా పోలీసులకు అందజేయాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండేళ్ళ తర్వాత అదే సంస్థ మళ్ళీ వచ్చి, 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో ఇంకా 745 కేసులు నడుస్తున్నాయని లెక్కతో సహా చూపించింది. చివరికి 2022 అక్టోబరు 12న, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించకూడదనీ, నడుస్తున్న కేసుల్లోంచి దాన్ని తొలగించాలనీ మరో ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మాట తన కింది కోర్టుకూ, ఆ పక్కనున్న పోలీసు స్టేషన్‌కూ చేరడానికి ఏడున్నరేళ్ళు పట్టింది. దీన్ని పోలీసుల మొండితనంగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. తీర్పు చెప్పడంతో తమ పని అయిపోయిందనీ, అది ఎవరి రిజిస్టర్లో ఎలా ఎక్కుతుందో చూసుకోవడం మరెవరి పనో అనీ మన కోర్టులు చాలాకాలం అనుకోవడం మిగతా సగం.

ఆ అలవాటుకు మనుషులు చెల్లించే మూల్యం ఎంతో ఆగ్రా జైలు ఉదంతంలో కనిపించింది. నేరం జరిగిన నాటికి మైనర్లని తేలి, అప్పటికే 14 నుంచి 22 ఏళ్ళు జైల్లో గడిపిన 13 మంది ఖైదీలకు 2021 జులై 8న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. ఉత్తర్వు ప్రతి తమకు అందలేదంటూ జైలు అధికారులు వాళ్ళను రోజుల తరబడి వదల్లేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ పత్రికలో వచ్చిన వార్త ఆధారంగా దీన్ని సుమోటోగా విచారణకు తీసుకున్నారు. ఉత్తర్వులను సురక్షితమైన ఎలక్ట్రానిక్ మార్గంలో నేరుగా జైళ్ళకు పంపే ‘ఫాస్టర్’ ఏర్పాటు 2022 మార్చి 31న మొదలైంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. బెయిలు ఇచ్చిన కోర్టు ఆ ఉత్తర్వును అదే రోజో మర్నాడో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి మెయిల్ చేయాలి. సూపరింటెండెంట్ ఆ తేదీని ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. వారం దాటినా ఖైదీ విడుదల కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. చూడడానికి ఇవి గుమాస్తా పనుల్లా ఉంటాయి. నిజానికి ఉత్తర్వు చేరవలసిన చోటికి చేరిందో లేదో చూసుకోవడం కూడా న్యాయం చేయడంలో భాగమేనని కోర్టు ఇందులో ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు బెయిలు కాగితం దగ్గరే ఆగిపోవడం ఇప్పటి సమస్య.

ఎందుకంటే పోలీసు, కోర్టు, జైలు, ప్రాసిక్యూషన్, ఫోరెన్సిక్ ల్యాబ్ అనే ఐదు వ్యవస్థల రికార్డులను ఒకదానితో ఒకటి కలిపే పని దేశంలో కొన్నేళ్ళుగా జరుగుతోంది. ఇంటరాపరబుల్ క్రిమినల్ జస్టిస్ సిస్టమ్ అన్నది దాని పేరు, పొట్టిగా ఐసీజేఎస్. ఆలోచన సుప్రీంకోర్టు ఈ-కమిటీదే. పోలీసులకూ కోర్టులకూ మధ్య సమాచార మార్పిడి 2018 డిసెంబరులో తెలంగాణలోని వరంగల్ జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలైంది. అప్పట్లో ఈ-కమిటీ బాధ్యతలు చూస్తున్న జస్టిస్ మదన్ బి. లోకూర్ దాన్ని ప్రారంభించారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం రెండో దశకు 3,375 కోట్ల రూపాయలు మంజూరు చేసి, 2025-26 వరకు గడువు పెట్టుకుంది. అమలు బాధ్యత కేంద్ర హోంశాఖ కిందున్న జాతీయ నేర రికార్డుల బ్యూరోది, సాంకేతిక సాయం జాతీయ సమాచార కేంద్రానిది, అంటే ఎన్ఐసీది. స్టేషన్లో ఒకసారి ఎక్కించిన ఎఫ్ఐఆర్ వివరాలు కోర్టుకూ, జైలుకూ మళ్ళీ టైపు చేసే అవసరం లేకుండా వెళ్ళాలన్నది లక్ష్యం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఎలక్ట్రానిక్ ఫిర్యాదులకు, ఎలక్ట్రానిక్ సమన్లకు, సోదాల వీడియో చిత్రీకరణకు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో విచారణకు చోటు కల్పించి ఈ కలయికను మరింత అవసరం చేసింది. దీనివల్ల మేలు ఉందనడంలో సందేహం అక్కర్లేదు. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వాయిదాకు తీసుకురావడానికి ఎస్కార్టు లేదనో, ఫోరెన్సిక్ నివేదిక రాలేదనో, వారంట్ ఎవరి దగ్గరుందో తెలియదనో నెలలు గడిచే చోట, కాగితం త్వరగా కదలడం మనుషుల విముక్తికి సంబంధించిన విషయం.

అయితే ఈ వ్యవస్థలో కోర్టు స్థానం ఏమిటి? ఐదు స్తంభాల్లో ఒకటి అంటున్నారు. మిగతా నాలుగింటితో పాటు తనూ సమాచారం ఇస్తుంది, తనూ పుచ్చుకుంటుంది. వాటాదారుగా చూస్తే ఇది సమానత్వమే. రాజ్యాంగం ప్రకారం చూస్తే మాత్రం ఇది తలకిందులు. పోలీసు నమోదు చేసేది ఆరోపణ, ప్రాసిక్యూటర్ రాసేది వాదన, ల్యాబ్ ఇచ్చేది అభిప్రాయం, జైలు రిజిస్టరులో ఉండేది ఒక మనిషి ఉనికి. వీటన్నిటిలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పే అధికారం కోర్టుకు మాత్రమే ఉంది. మరి కోర్టు చెప్పిన తర్వాత ఆ నాలుగు రికార్డులూ దానికి తగ్గట్టు మారాలి కదా? ఇక్కడే లోటు ఉంది. కోర్టు కంప్యూటర్లో కేసు ముగిసినట్టు నమోదైతే పోలీసు అధికారి దాన్ని చూడగలడు. చూడగలగడం వేరు, దానికి కట్టుబడి తన దగ్గరున్న నమోదును సరిదిద్దడం వేరు. ఎఫ్ఐఆర్ ముందుకు ప్రయాణించడానికి చట్టమూ, డబ్బూ, సాఫ్ట్‌వేరూ అన్నీ తోడున్నాయి. నిర్దోషి అన్న తీర్పు, ఎఫ్ఐఆర్‌ను కొట్టేసిన హైకోర్టు ఉత్తర్వు, వెనక్కి తీసుకున్న వారంట్ వెనుదిరిగి ప్రయాణించడానికి అంతటి బలం లేదు. ఐసీజేఎస్‌కు ప్రత్యేకంగా చట్టమంటూ లేదు, అది ప్రభుత్వ పథకంగా నడుస్తోంది. కాబట్టి తీర్పు వచ్చిన ఎన్ని రోజుల్లో ఎవరు ఏ నమోదు మార్చాలో, మార్చకపోతే ఎవరు జవాబు చెప్పాలో పార్లమెంటు ఎక్కడా రాసి పెట్టలేదు.

ఈ లోటు వల్ల ఎవరికేం నష్టమని అడిగేవారు కొత్త సంహితలోని 479వ సెక్షన్ చదవాలి. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీని బెయిలుపై విడుదల చేయాలని అది చెబుతుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు ఇది వర్తించదు. ఇంతకు ముందెన్నడూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ వెసులుబాటును చట్టం రాకముందు నుంచీ ఉన్న ఖైదీలకూ వర్తింపజేసింది. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. చాలా మంచి సెక్షన్. కానీ దానికి రెండు తలుపులున్నాయి, రెంటి తాళాలూ రికార్డు చేతిలోనే ఉన్నాయి. పాత శిక్ష ఉందా లేదా అన్నది మొదటిది. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉంటే ఈ సెక్షన్ కింద బెయిలు ఇవ్వకూడదన్న ఉపనిబంధన రెండోది. ఏనాడో కొట్టేసిన కేసు ఒకటి పోలీసు రికార్డులో ఇంకా నడుస్తున్నట్టు కనిపిస్తే, సూపరింటెండెంట్ తయారు చేసే జాబితాలో ఆ ఖైదీ పేరు ఉండదు. అతని తరఫున అడిగే ప్లీడరు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా.

దీనికి మన పేర్ల సంగతి తోడవుతుంది. తెలుగువాళ్ళ ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకో కాగితంలో వెనక ఉంటుంది, మూడో చోట పొడి అక్షరంగా మిగులుతుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో ఏ బ్యాంకు గుమాస్తాను అడిగినా చెబుతాడు. తండ్రి పేరు, ఊరు, వయసు సుమారుగా కలిస్తే ఇద్దరు మనుషులు ఒకరైపోవచ్చు, ఒకే మనిషి ఇద్దరుగానూ చీలిపోవచ్చు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల సరిహద్దులు మారాయి. పాత జిల్లా పేరుతో నమోదైన కేసును కొత్త జిల్లా పేరుతో ఉన్న కోర్టు రికార్డుకు జతచేయడమూ మనుషులు కూర్చుని చేయాల్సిన పనే. వేర్వేరు ఆఫీసుల్లో వేర్వేరు రిజిస్టర్లున్నప్పుడు ఒక తప్పు ఒక్క చోటే ఉండేది. అన్నీ కలిశాక ఒక చోటి తప్పు ఐదు చోట్లా నిజంగా చలామణి అవుతుంది. పైగా ఐదు వ్యవస్థలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి అది నిజమే అయ్యుంటుందని చూసేవారు నమ్ముతారు. ఆ ఐదింటికీ మూలం ఒకే రైటరు టైపు చేసిన ఒకే పంక్తి అని గుర్తుండదు.

అమెరికాలో ఇలాంటి తప్పులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఆ రెండు కేసులూ మనం శ్రద్ధగా చూడాల్సినవి. మొదటిది 1995 నాటి ‘ఆరిజోనా వర్సెస్ ఎవాన్స్’. ఫీనిక్స్ పోలీసులు ఒక వ్యక్తిని ఆపి కంప్యూటర్లో చూస్తే అతనిపై వారంట్ ఉన్నట్టు కనిపించింది. అరెస్టు చేసి సోదా చేస్తే గంజాయి దొరికింది. తీరా చూస్తే ఆ వారంట్‌ను కోర్టు 17 రోజుల కిందటే రద్దు చేసింది, ఆ కబురు పోలీసు రికార్డుకు చేరలేదు. అక్రమంగా సేకరించిన సాక్ష్యాన్ని తోసిపుచ్చే నియమం పోలీసులను అదుపులో పెట్టడానికి పుట్టిందే తప్ప కోర్టు గుమాస్తాల కోసం కాదంటూ న్యాయమూర్తుల్లో అధిక సంఖ్యాకులు ఆ సాక్ష్యాన్ని అనుమతించారు. రెండోది 2009 నాటి ‘హెరింగ్’ కేసు. అలబామాలో పక్క కౌంటీ రికార్డులో ఒక వారంట్ కనిపించింది. అది ఐదు నెలల కిందటే వెనక్కి తీసుకున్నదని పది పదిహేను నిమిషాల్లో తేలింది, అప్పటికే అరెస్టూ సోదా రెండూ జరిగిపోయాయి. ఇక్కడా 5-4 తేడాతో సాక్ష్యం చెల్లింది. ఈ రెంటినీ కలిపి చదివితే భయం కలుగుతుంది. పోలీసు తప్పు కాదు, అతను కంప్యూటర్‌ను నమ్మాడు. రికార్డు చూసే సిబ్బంది తప్పుకు శిక్షా లేదు, పరిహారమూ లేదు. రికార్డు ఉమ్మడిదైనప్పుడు తప్పుకు యజమాని లేకుండా పోతాడు. అమెరికాలో కనీసం అక్రమ సాక్ష్యాన్ని తోసిపుచ్చే నియమమన్నా ఉంది కాబట్టి ఆ ప్రశ్న అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మన దగ్గర పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు నుంచీ, సోదా చట్టవిరుద్ధమైనా దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లుతుంది. కాబట్టి పాత వారంట్ ఆధారంగా జరిగిన అరెస్టులో రికార్డు ఎవరి వల్ల తప్పిందన్న ప్రశ్న మన కోర్టుల్లో తలెత్తే అవకాశమే తక్కువ.

తెలుగు నేల మీద ఈ విషయానికి ఇంకా పాత చరిత్ర ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే నేరస్తులుగా రిజిస్టర్లకెక్కించింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చట్టం స్థానంలో వచ్చిన 1911 చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచడానికి 1913లో ఏర్పడ్డ సెటిల్మెంటు. 1952లో ఆ ముద్ర చట్టప్రకారం తొలగిపోయింది. ఊరి పేరు చెబితే కలిగే అనుమానం మాత్రం తర్వాత తరాల వాళ్ళనూ వదల్లేదు. చట్టం పోయినా రిజిస్టరు మిగులుతుందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. 2024 మేలో సుప్రీంకోర్టు హిస్టరీ షీట్ల మీద ఇచ్చిన తీర్పు ఈ చరిత్రను ఎరిగి రాసినదే. ఢిల్లీకి చెందిన ఒక ఎమ్మెల్యే వేసిన కేసులో మొదలైన ఆ విచారణను కోర్టు సుమోటోగా విస్తరించింది. వెనుకబడిన, విముక్త జాతుల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఈ షీట్లలోకి ఎక్కకుండా చూడాలనీ, మైనర్ల వివరాలు బయటపడకూడదనీ, పై అధికారి ఒకరు వీటిని ఎప్పటికప్పుడు సమీక్షించాలనీ చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో రౌడీ షీట్లకూ ఇదే వర్తించాలి. అయితే ఆ సమీక్ష మళ్ళీ పోలీసు అధికారికే వదిలేశారు. స్టేషన్ బీరువాలో ఉండే షీటు విషయంలో అది సరిపోతుందేమో. దేశవ్యాప్తంగా వెతికితే దొరికే నమోదు విషయంలో సరిపోదు.

ఇంకో ఉదాహరణ మరింత సూటిగా ఉంటుంది. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం అరెస్టయినవారి వేలిముద్రలు, కనుపాప చిత్రాలు వంటి కొలతలను నేర రికార్డుల బ్యూరో 75 ఏళ్ళపాటు దాచుకోవచ్చంటుంది. ముందెన్నడూ శిక్ష పడని వ్యక్తిని విచారణ లేకుండా వదిలేసినా, డిశ్చార్జి చేసినా, అప్పీళ్ళన్నీ ముగిసి నిర్దోషిగా తేలినా ఆ కొలతలను చెరిపేయాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఉంచాలంటే కోర్టు కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అంటే చట్టం ఉద్దేశంలో తీర్పే మీట, అది పడగానే రికార్డు చెరిగిపోవాలి. అదే ఏడాది వచ్చిన నిబంధనలు దీన్ని మార్చేశాయి. చెరిపేయమన్న అభ్యర్థనను నోడల్ అధికారికి పెట్టుకోవాలి. పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి నిర్దోషిగా బయటపడ్డ కూలీ, తన వేలిముద్రలు ఢిల్లీలో ఉన్నాయనీ, వాటిని చెరిపేయించుకునే హక్కు తనకుందనీ, దానికో అధికారి ఉన్నాడనీ తెలుసుకుని దరఖాస్తు రాయించుకోవాలి. ఇటు కోర్టు కంప్యూటరూ, అటు బ్యూరో కంప్యూటరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా వేల కోట్లు ఖర్చు పెడుతున్న దేశంలో ఈ ఒక్క మాట మాత్రం ఆ పేదవాడే మోసుకెళ్ళాలి.

ఇంతవరకూ చెప్పింది కోర్టు నుంచి బయటికి వెళ్ళే సమాచారం గురించి. లోపలికి వచ్చేదాని సంగతి ఇంకా సున్నితమైనది. ఒక మేజిస్ట్రేట్ తన కంప్యూటర్లో ముద్దాయి పేరు కొట్టి, అతని మీద దేశంలో ఎక్కడెక్కడ ఎన్ని కేసులున్నాయో చూడగలిగే వీలు ఈ వ్యవస్థ కల్పిస్తుంది. బెయిలు విచారణలో పాత కేసుల ప్రస్తావన సబబే. 2024 జనవరిలో కుశ దురుక కేసులో సుప్రీంకోర్టు, అదే నేరంపై దాఖలైన ఇతర బెయిలు దరఖాస్తుల వివరాలను రిజిస్ట్రీ కంప్యూటర్ నుంచి తీసి ఫైలుకు జతచేయాలని చెప్పింది. ఆ పద్ధతి మంచిది, ఎందుకంటే ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, ఇరుపక్షాలూ చదవొచ్చు, తప్పుంటే చూపించొచ్చు. న్యాయమూర్తి ఛాంబర్లో కూర్చుని తెరమీద చూసి మనసులో పెట్టుకున్న సంగతికి ఇవేవీ వర్తించవు. అసలు విచారణలో ముద్దాయి చెడు నడతను, కొన్ని మినహాయింపులు తప్ప, సాక్ష్యంగా తీసుకోకూడదని మన సాక్ష్య చట్టం బ్రిటిష్ కాలం నుంచీ చెబుతోంది. చట్టం తలుపు దగ్గర ఆపిన సమాచారం తెర మీదుగా లోపలికి వస్తే ఆ నియమం కాగితం మీదే మిగులుతుంది. కేసు డైరీని జడ్జి చూడడం లేదా అని కొందరంటారు. చూస్తారు, నిజమే. కానీ దాన్ని సాక్ష్యంగా వాడకూడదనీ, ఏయే సందర్భాల్లో ముద్దాయి అందులోని భాగాలు చూడొచ్చో కూడా చట్టం రాసి పెట్టింది. ఒక్క కేసు డైరీకే ఇన్ని హద్దులు గీసిన చట్టం, దేశంలోని డైరీలన్నిటి సారాన్నీ తెరమీద పెట్టేటప్పుడు ఏ హద్దూ గీయకపోవడం పెద్ద వెలితి. ఈ వ్యవస్థ నుంచి న్యాయమూర్తి ఏది చూసినా ఏ తేదీన ఏం చూశారో నమోదు కావాలి, దాని ప్రతి ముద్దాయి ప్లీడరుకు ఇవ్వాలి, జవాబు చెప్పుకునే అవకాశమివ్వాలి. ఇందులో సర్దుబాటుకు చోటు లేదనే నా అభిప్రాయం.

కోర్టుకు ఇంత పాత్ర ఇస్తే దాని తటస్థతకే ముప్పని ఒక బలమైన అభ్యంతరం ఉంది. వ్యవస్థను నడిపే కమిటీలో న్యాయమూర్తులు కూర్చుంటే, రేపు ఆ వ్యవస్థనే సవాలు చేస్తూ కేసు వస్తే ఎవరు విచారిస్తారు? ఈ ప్రశ్న తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఐసీజేఎస్ ఆలోచన సుప్రీంకోర్టు కమిటీ నుంచే పుట్టిందన్న సంగతి దీన్ని ఇంకా పదునెక్కిస్తుంది. అందుకే కోర్టు పోలీసు వ్యవస్థను నడపాలని నేననడం లేదు. నేర పరిశోధనలో పోలీసు ఏ సమాచారం ఎలా విశ్లేషించుకోవాలో చెప్పే కుర్చీలో న్యాయమూర్తి కూర్చోకూడదు. కోర్టు అడగాల్సింది ఇంతకంటే తక్కువ, ఇంతకంటే గట్టిది. తన ఉత్తర్వు ఫలితం ఉమ్మడి రికార్డులో ఎలా కనిపించాలో నిర్ణయించే అధికారం, తన గదిలోకి ఏ సమాచారం ఏ రూపంలో రావాలో నిర్ణయించే అధికారం, ఈ రెండే. మొదటిది తన ఉత్తర్వును అమలు చేయించుకోవడం, రెండోది తన విచారణను తాను నడుపుకోవడం. రెండూ కోర్టుకు ఎప్పుడూ ఉన్నవే. జిల్లా న్యాయవ్యవస్థ మీద హైకోర్టుకు 235వ అధికరణం ఇచ్చిన అదుపులో ఇవి సహజంగా ఇమిడిపోతాయి. పరిపాలనా పక్షాన నిర్ణయం తీసుకున్న న్యాయమూర్తులు అదే విషయంపై కేసు వినకుండా తప్పుకోవడమూ హైకోర్టుల్లో కొత్త కాదు. కోర్టు పూర్తిగా బయట ఉండి తటస్థత కాపాడుకోవడమన్నది ఇప్పుడు జరిగే పని కాదు. ఎందుకంటే దాని రికార్డులు ఇప్పటికే లోపలున్నాయి. లోపలుండి మాట చెల్లకపోవడాన్ని తటస్థత అనలేం.

పోలీసుల వైపు నుంచి వచ్చే వాదనలోనూ నిజముంది. సాక్షులు ఎదురు తిరిగి కేసు వీగిపోయినంత మాత్రాన ఆ కేసు జ్ఞాపకాన్నే పోలీసులు చెరిపేసుకోవాలా? వరుస దొంగతనాలు, సైబర్ మోసాలు, మనుషుల అక్రమ రవాణా వంటి వాటిలో పాత ఫైలు కొత్త కేసుకు దారి చూపుతుంది. ఈ అవసరాన్ని కాదనక్కర్లేదు. దాచుకోవడం ఒకటి, చూపించడం ఇంకొకటి. పరిశోధనాధికారి దగ్గర పాత ఫైలు ఉండొచ్చు. కానీ పాస్‌పోర్టు విచారణలోనో, ఉద్యోగ ధ్రువీకరణలోనో, బెయిలు విచారణలోనో ఆ మనిషి పేరు కొట్టినప్పుడు మొదట కనిపించాల్సింది కోర్టు చెప్పిన ఫలితం. ఆరోపణ దాని కింద రావాలి, లేదా రానే కూడదు. ఐరోపా సమాఖ్య 2016లో తెచ్చిన పోలీసు డేటా ఆదేశం ఇలాంటి విభజననే కోరుతుంది. అనుమానితులు, శిక్ష పడ్డవారు, బాధితులు, సాక్షులు వేర్వేరుగా కనిపించాలి, వాస్తవాలను అధికారి అంచనాల నుంచి వీలైనంత వరకు విడదీయాలి. అదే ఆదేశం, న్యాయవిధుల్లో ఉన్న కోర్టులను డేటా పర్యవేక్షణ సంస్థల అజమాయిషీ నుంచి మినహాయించింది. పోలీసు సమాచారానికీ కోర్టు సమాచారానికీ ఒకే కొలబద్ద కుదరదని అక్కడ ముందే గుర్తించారు. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దారి వేరు. న్యాయవిధుల కోసం కోర్టులు, నేర పరిశోధన, ప్రాసిక్యూషన్ కోసం పోలీసులు వాడే సమాచారం రెంటినీ అది ఒకే గాటన మినహాయించింది. తప్పుడు సమాచారాన్ని సరిచేయించుకునే హక్కు కూడా ఆ మినహాయింపులో కొట్టుకుపోయింది. కాబట్టి ఉమ్మడి రికార్డులో తన గురించి తప్పు రాసుందని తెలిసిన పౌరుడు ఆ చట్టం కింద ఎక్కడికీ వెళ్ళలేడు. అతనికి మిగిలేది కోర్టు ఒక్కటే.

బహిరంగ న్యాయం సంగతేమిటని మరికొందరు అడుగుతారు. తీర్పులు అందరివీ, ఎవరి పేరూ దాచకూడదు కదా? నిర్దోషిగా తేలిన వ్యక్తి తన పేరును ఆన్‌లైన్ తీర్పు నుంచి తీసేయమని కోరితే 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఆ వివాదం ఎటు తేలినా ఈ వ్యాసం వాదన మారదు, ఎందుకంటే ఇక్కడ అడుగుతున్నది దాచమని కాదు, పూర్తిగా చెప్పమని. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని, లైంగిక నేరాల వంటి సున్నితమైనవి మినహాయించి, 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ముద్దాయికి తనమీద ఏముందో తెలియాలన్నది ఉద్దేశం. ఆ ఎఫ్ఐఆర్ ముగింపును కూడా అదే చోట, అంతే త్వరగా పెట్టమనడం బహిరంగ న్యాయానికి అడ్డు ఎలా అవుతుంది?

సిబ్బంది కొరత గురించిన ఫిర్యాదు మాత్రం నిజమైనదే. బెంచి క్లర్కు రోజుకు వంద కేసుల వాయిదాలు రాసుకుంటూ, తీర్పు ఫలితాన్ని సరైన కోడ్‌తో, సరైన పేరుతో ఎక్కించాలంటే కష్టమే. ఐసీజేఎస్‌కు కోర్టు నుంచి తప్పుడు సమాచారం వెళ్తే అది పోలీసు తప్పు కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ ప్రశ్నించరు. 2023 సెప్టెంబరులో ఈ-కోర్టుల మూడో దశకు కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసింది. అందులో 2,038 కోట్లకు పైగా పాత, కొత్త కేసుల రికార్డులను స్కాన్ చేసి డిజిటల్ రూపంలోకి మార్చడానికే. కొట్లల్లోని కట్టలను స్కాన్ చేయడం అవసరమే, కాదనను. ముగిసిన కేసుల ఫలితాలను పోలీసు రికార్డులతో సరిపోల్చి సరిదిద్దే పనికి ప్రతి జిల్లా కోర్టులో ఒక చిన్న విభాగం పెట్టడానికి అయ్యే ఖర్చు దీని ముందు ఎంత? న్యాయ సేవాధికార సంస్థల్లో పారాలీగల్ వాలంటీర్లున్నారు, 2023 నాటి బెయిలు ఉత్తర్వు వాళ్ళకు ఇప్పటికే ఒక పాత్ర ఇచ్చింది. డబ్బు కంటే క్లిష్టమైనది సాఫ్ట్‌వేర్ యాజమాన్యం. కోర్టుల సాఫ్ట్‌వేరునూ, జైళ్ళ సాఫ్ట్‌వేరునూ తయారు చేసేది ఒకే ఎన్ఐసీ, అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని ఇంజనీర్ల నైపుణ్యాన్ని శంకించనక్కర్లేదు. కానీ దేశంలో అతిపెద్ద కక్షిదారైన ప్రభుత్వం చేతిలో కోర్టు రికార్డు తాళాలు ఉండడం 50వ అధికరణం కోరిన విభజనకు పొసగదు. ఎవరెవరు కోర్టు సమాచారాన్ని చూశారో తెలిపే లాగ్‌లు హైకోర్టు రిజిస్ట్రీకే వెళ్ళాలి. కోర్టు అనుమతి లేకుండా కొత్త శాఖ దేనికీ ప్రవేశం ఇవ్వకూడదు. ఐదు శాఖలుగా మొదలైంది ఐదుగానే ఉంటుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

వీటిలో చట్టం అవసరమైనవి కొన్ని ఉన్నాయి, పార్లమెంటు తీరిక కోసం ఆగాల్సిన అవసరం లేనివి కొన్ని ఉన్నాయి. ఐసీజేఎస్‌కు చట్టబద్ధత, పర్యవేక్షణలో హైకోర్టుల పాత్ర, తప్పుకు పరిహారం మొదటి కోవలోవి. రెండో కోవలో తక్షణం చేయదగ్గవి రెండున్నాయి. 479వ సెక్షన్ కింద జాబితా తయారు చేసేటప్పుడు, పెండింగు కేసుందన్న కారణంతో ఏ ఖైదీ పేరైనా తీసేస్తే ఆ కేసు ఇప్పటి స్థితిని కోర్టు రికార్డుతో సరిచూసిన తేదీని జైలు సూపరింటెండెంట్ దరఖాస్తుతో పాటు రాయాలని హైకోర్టులు ఒక సర్క్యులర్‌తో ఆదేశించవచ్చు. వరంగల్‌లో ఈ ప్రయోగానికి మొదట చోటిచ్చిన తెలంగాణ నుంచే అది మొదలుకావచ్చు. ఇక కొలతల చట్టం నిబంధనలను కేంద్ర హోంశాఖ ఒక నోటిఫికేషన్‌తో సవరించవచ్చు. నిర్దోషి అన్న తీర్పు అంతిమమైందని కోర్టు కంప్యూటర్ నుంచి వచ్చిన సమాచారాన్నే అభ్యర్థనగా తీసుకుని నోడల్ అధికారి నిర్ణీత గడువులో కొలతలు చెరిపేయాలి, చెరిపేసినట్టు ఆ కోర్టుకూ, ఆ వ్యక్తికీ రాతపూర్వకంగా తెలపాలి.